చిన్న ఇటాలియన్ రెస్టారెంట్‌లో నలుగురి భోజనం: విజయనగరం వాళ్ళకు సమగ్ర మార్గదర్శి

ఆరేడు టేబుళ్ళు, ఒక కరెంటు ఓవెన్, మూడు బర్నర్ల గ్యాస్ పొయ్యి, లోపల ఇద్దరు వంటవాళ్ళు, బయట ఒక్క కుర్రాడు. విజయనగరం, శ్రీకాకుళం లాంటి ఊళ్ళలో వీధి మొగలో ఉండే ఇటాలియన్ రెస్టారెంట్ సాధారణంగా ఈ పాటిదే. అక్కడికి వెళ్ళి ఉసూరుమంటూ వచ్చేవాళ్ళలో చాలామందికి దెబ్బ కొట్టేది వంట కాదు, ఆర్డర్ చెప్పిన తీరు. బిర్యానీ హోటల్లో డేగిసా ముందే దిగి ఉంటుంది. పదిమంది ఒకేసారి అడిగినా పది ప్లేట్లూ వచ్చేస్తాయి. ఇక్కడ ప్రతి ప్లేటూ మీరు చెప్పాకే మొదలవుతుంది, పొయ్యి దిగిన ఐదు నిమిషాలకే రుచి తగ్గడం మొదలవుతుంది. అందుకే ఏం తినాలన్నదానికంటే ఏది ముందు, ఏది వెనక, ఎంత అన్నవే ఎక్కువ ముఖ్యం.

1. బయల్దేరే ముందు ఒక ఫోన్

సాయంత్రం 4, 5 గంటల మధ్య ఫోన్ చేయండి. మధ్యాహ్నం గిరాకీ అయిపోయి, రాత్రి పని ఇంకా మొదలుకాని సమయం అది. అప్పుడైతే తీరిగ్గా జవాబిస్తారు. రాత్రి 8 దాటాక చేస్తే "రండి సార్, అన్నీ ఉన్నాయి" అనేస్తారు.

అడగాల్సినవి ఇవి. పిజ్జా పిండి ఎంత ఉంది? మంచి పిజ్జా పిండి కలిపాక చాలా గంటలు, తరచుగా ఒక రోజంతా ఫ్రిజ్‌లో నెమ్మదిగా పులవాలి. కాబట్టి ఇవాళ్టి ఉండలు నిన్ననే లెక్కపెట్టి చేసినవి. ఆదివారం రాత్రి అవి అయిపోతే అప్పటికప్పుడు కలిపిన పిండితో లాగించేస్తారు. అది బిస్కెట్‌లాగా విరుగుతుంది, లేకపోతే రబ్బరులాగా సాగుతుంది. రెండో ప్రశ్న కరెంటు గురించి. ఓవెన్ కరెంటుదైతే, కోత ఉన్న రోజున జనరేటర్ దీపాలకూ ఫ్యాన్లకూ సరిపోవచ్చు గాని ఓవెన్‌ను లాగకపోవచ్చు. అలాంటి రాత్రి పాస్తా మాత్రమే నమ్ముకోవాలి. మూడోది, గుడ్డు లేని తీపి ఏదైనా ఉందా అన్నది. ఇంట్లో శాకాహారులుంటే ఇది బల్ల దగ్గర కాకుండా ఫోన్‌లోనే తేల్చుకోవడం మేలు.

పుట్టగొడుగులు, లెట్యూస్, తులసి జాతిదే అయిన బేసిల్ ఆకు వంటివి చాలాచోట్ల బయటి ఊరి నుంచి తెప్పించుకునేవే. "సరుకు ఎప్పుడొచ్చింది?" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. నిన్నా ఇవాళా వచ్చినదైతే సలాడ్ చెప్పండి, కాకపోతే మానేయండి.

ఇంకో మాట. దసరా తరవాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఆ రోజు మూడు లాంతర్ల నుంచి కోట దాకా కాలు పెట్టే చోటుండదు. ఆ చుట్టుపక్కల రెస్టారెంట్ తెరిచి ఉన్నా, మీరు చేరేసరికి ఆకలి చచ్చిపోతుంది. ఆ వారంలో వేరే రోజు చూసుకోండి.

2. ఎప్పుడు చేరాలి, ఎక్కడ కూర్చోవాలి

7 గంటలకు, మహా అయితే 7.15కి కూర్చోండి. మన ఊళ్ళలో కుటుంబాలు 8 తరవాత ఒక్కసారిగా వస్తాయి. ఓవెన్‌లో ఒకేసారి రెండు పిజ్జాలు పట్టేచోట ఆరు ఆర్డర్లు పడితే ఆరోవాళ్ళు అరగంట దాటి ఆగాల్సిందే. 7కి కూర్చున్నవాళ్ళకు ఓవెన్ కూడా బాగా వేడెక్కి ఖాళీగా ఉంటుంది.

ఏసీ గాలి నేరుగా బల్ల మీద పడే చోటు వద్దు. మనకు హాయిగా ఉంటుంది గాని, చీజ్ రెండు నిమిషాల్లో బిగుసుకుపోతుంది. వంటగది తలుపు పక్క బల్ల ఎవరూ అడగరు, కాని అక్కడ కూర్చుంటే ప్లేటు వేడిగా చేరుతుంది. పెద్దవాళ్ళు వేడి తట్టుకోలేరనుకుంటే తప్ప ఆ బల్ల చెడ్డదేమీ కాదు.

3. మెనూను విడదీసి చదవడం

ఇటలీలో భోజనానికి ఒక వరస ఉంది. ముందు ఆంటీపాస్తో, అంటే మొదట నంజుకునే చిన్న వంటకాలు. తరవాత ప్రీమో, అంటే పాస్తా, రిసొట్టో (బియ్యంతో చేసేది), సూపుల్లో ఒకటి. ఆపైన సెకోందో, చేపా మాంసమూ. దానికి తోడు కొంతోర్నో, కూరగాయలో సలాడో. చివర్న దోల్చే, తీపి. అక్కడ కూడా మామూలు రోజున ఎవరూ అన్నీ తినరు. పాస్తా అక్కడ దేనికీ పక్కవాయిద్యం కాదు, దానంతట అదే ఒక వంతు. పిజ్జా ఒక్కొక్కరికి ఒక్కోటి, దాంతోనే భోజనం సరి.

మన ఊరి మెనూలో ఈ వరస ఉండదు. సూపులు, గార్లిక్ బ్రెడ్, పిజ్జా, పాస్తా, సిజ్లర్, చివర్న ఫ్రైడ్ రైస్ కూడా ఉండొచ్చు. చీజ్ పరిచిన గార్లిక్ బ్రెడ్, పింక్ సాస్, పొట్లాల్లో ఇచ్చే చిల్లీ ఫ్లేక్స్ ఇటలీలో పెద్దగా కనిపించని సంగతులు. అందుకని తక్కువ చేసి చూడాల్సిన పనిలేదు. పనికొచ్చే సంగతి వేరే ఉంది. మెనూలో నూట యాభై రకాలుంటే, అందులో ఇటాలియన్ వంటకాలు పదిహేను దాటకపోతే, వంటవాడి చెయ్యి వేటిమీద తిరిగిందో తెలిసిపోతుంది. అలాంటిచోట రిసొట్టో, రవియోలి (కూరిన పాస్తా), నొక్కి (బంగాళాదుంప ఉండలు) జోలికి పోకుండా టమాటా పాస్తా, మార్గరీటా పిజ్జా చెప్పండి. మెనూ రెండు పేజీలకు మించకపోతే ధైర్యంగా కొత్తవి అడగొచ్చు.

కుర్రాడిని "ఏది బాగుంటుంది?" అని అడిగితే "అన్నీ బాగుంటాయి మేడమ్" అంటాడు, పాపం ఇంకేమంటాడు! ఇలా అడగండి: "బాబూ, ఇవాళ ఏవి అయిపోయాయి?", "రెడ్ సాస్ పొద్దున్న చేశారా, నిన్నటిదా?", "వైట్ సాస్‌లో మైదా వేస్తారా, క్రీమ్ వేస్తారా?" చివరి ప్రశ్నకు లోపలికి వెళ్ళి కనుక్కొని వచ్చాడంటే మంచి కుర్రాడే. ఆ రాత్రి అతని మాట వినొచ్చు.

4. నలుగురికి ఎంత, ఏ వరసలో

ఇద్దరు పెద్దలు, ఒక నానమ్మ, ఒక పదేళ్ళ గుంటడు అనుకుందాం. సరిపోయే లెక్క ఇది:

సూప్ రెండు, "వన్ బై టూ" చేయించి నలుగురికి. లేదా ఒక బ్రుస్కెట్టా, అంటే కాల్చిన బ్రెడ్ మీద టమాటా ముక్కలు.
10 అంగుళాల పిజ్జా ఒకటి.
పాస్తా రెండు, రెండు వేర్వేరు సాసుల్లో.
తీపి రెండు ప్లేట్లు, నాలుగు స్పూన్లు.

ఇంతకు మించి మొదట చెప్పకండి. ఆకలి మిగిలితే ఇంకో చిన్న పిజ్జా పది, పన్నెండు నిమిషాల్లో వస్తుంది. మిగిలిపోయిన వైట్ సాస్ పాస్తాను మాత్రం ఎవరూ తినలేరు.

వరస ఎందుకంటే, గార్లిక్ బ్రెడ్, పిజ్జా, లసాన్య (పాస్తా రేకులు పొరలుగా పేర్చి కాల్చేది) మూడూ ఒకే ఓవెన్ కోసం కాచుక్కూర్చుంటాయి. పాస్తా, సూప్ పొయ్యి మీదవి. మొదట ఓవెన్‌కి ఒకటి, పొయ్యికి ఒకటి చెప్తే రెండూ ఒకేసారి నడుస్తాయి. అంటే కూర్చోగానే సూపూ పిజ్జా చెప్పండి. పిజ్జా బల్ల మీదకు వచ్చిన వెంటనే పాస్తా చెప్పండి. పిజ్జా తినడం అయ్యేసరికి పాస్తా వస్తుంది. అన్నీ ఒకేసారి చెప్పేస్తే వంటవాడు తనకు వీలైన వరసలో పంపిస్తాడు. పాస్తా ముందొచ్చి, పిజ్జా కోసం ఎదురుచూస్తూ చల్లారుతుంది. "ఒకదాని తరవాత ఒకటి పంపించు తమ్ముడూ" అన్నా చాలు గాని, రద్దీలో ఆ మాట లోపలికి చేరుతుందన్న భరోసా లేదు. విడివిడిగా చెప్పడమే ఖాయం.

చీజ్ గార్లిక్ బ్రెడ్, పిజ్జా, వైట్ సాస్ పెన్నే, లసాన్య. చాలా బల్లల మీద కనిపించే ఆర్డర్ ఇది. నాలుగూ మైదా, చీజే. రెండో ప్లేటుకే నోరు మొద్దుబారిపోతుంది. ఒకటి చీజుది చెప్తే, దాని పక్కది టమాటాదో, నూనె వెల్లుల్లిదో అయి ఉండాలి. పులుపూ కారమూ మధ్యలో తగిలితేనే మన నాలుక మళ్ళీ లేస్తుంది.

ఆరుగురైతే రెండు పిజ్జాలు, మూడు పాస్తాలు. పది మంది పుట్టినరోజు గుంపైతే ముందురోజే చెప్పి రకాలు నాలుగుకు కుదించండి. ముగ్గురి పాస్తా ఒకే పాన్‌లో వేస్తే ఒకేసారి వస్తుంది. పది మంది పది రకాలు చెప్తే మొదటివాళ్ళు చేతులు కడుక్కునేసరికి చివరివాళ్ళది వస్తుంది.

5. పాస్తా: ఎక్కువ పొరపాట్లు ఇక్కడే

ఎండు పాస్తాకు లెక్క: మనిషికి 80 నుంచి 100 గ్రాములు, 100 గ్రాములకు ఒక లీటరు నీళ్ళు, లీటరుకు 10 గ్రాముల ఉప్పు. ఉడికాక బరువు రెట్టింపు దాటుతుంది. ఉప్పు నీళ్ళలో వేయకపోతే పాస్తా లోపల చప్పగా ఉండిపోతుంది. బల్ల మీద ఎంత జల్లినా సాసే ఉప్పవుతుంది, పాస్తా కాదు. చప్పిడిగా వచ్చిన పాస్తాకు ఉప్పు అడక్కండి, చీజ్ తురుము అడగండి. చీజ్‌లో ఉప్పు ఉంటుంది, పైగా అది పాస్తాకు అంటుకుంటుంది.

మంచి పాస్తా డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వతో చేస్తారు. ఇటలీ చట్టం ప్రకారం అక్కడ తయారుచేసి అమ్మే ఎండు పాస్తా డ్యూరమ్ గోధుమతోనే చేయాలి. మైదా కలిసిన చౌక పాస్తా ఉడికీ ఉడకగానే జిగురు వదులుతుంది, సాస్‌లో కలిపేసరికి విరుగుతుంది. ప్లేట్లో పెన్నే గొట్టాలు చీలిపోయి, సాస్ గంజిలా ఉంటే కారణం రెండిట్లో ఒకటి: పాస్తా రకం తక్కువది, లేదా ముందే పూర్తిగా ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టినది.

ముందే ఉడికించడం తప్పు కాదు. చిన్న వంటగదుల్లో అది మామూలే. రెండు నిమిషాలు తక్కువగా ఉడికించి, వార్చి, కొంచెం నూనె రాసి ఉంచుతారు. ఆర్డర్ రాగానే సాస్‌లో వేసి ఆ మిగిలిన రెండు నిమిషాలూ అక్కడ ఉడికిస్తారు. ఇలా చేస్తే బాగానే ఉంటుంది. స్పగెట్టి మొదటినుంచి ఉడకాలంటే 8 నుంచి 10 నిమిషాలు, పెన్నేకు 11, 12 నిమిషాలు పడుతుంది. కాబట్టి చెప్పిన ఐదు నిమిషాలకే పాస్తా వస్తే అది ముందు ఉడికించినదే. కొరికి చూసి, నడిమధ్య చిన్న పలుకు తగిలితే మంచిదే.

ఆ పలుకునే ఇటలీవాళ్ళు అల్ దెంతే అంటారు. అన్నం పలుకుగా ఉంటే ఇష్టపడే ఇంటివాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. పళ్ళు కదిలే పెద్దవాళ్ళకు మాత్రం ఇబ్బంది. ఆర్డర్ చెప్పేటప్పుడే "అత్తయ్యగారికి ఈ ప్లేటు మెత్తగా ఉడికించండి" అని చెప్పండి. మూడు నిమిషాలు అదనంగా పడుతుంది, అంతే. పలుకు ఇష్టమైనవాళ్ళు కూడా నోరు తెరిచి అడగాలి. మన ఊళ్ళో అడక్కపోతే అందరికీ మెత్తగానే వస్తుంది.

ఇక సాసులు.

అరబియాటా: టమాటా, వెల్లుల్లి, ఎండుమిరప. రోమ్ వంటకం, పుట్టుకతోనే కారం. "కారం ఎక్కువ వేయండి" అని దర్జాగా అడగగలిగిన ఇటాలియన్ పాస్తా ఇదొక్కటే అనుకోండి. ఉత్తరాంధ్ర నాలుకకు మొదటిసారి ఇదే సరైనది. సాస్ తియ్యగా వస్తే అందులో పంచదారో కెచప్పో పడిందన్నమాట. మన టమాటా పులుపును విరవడానికి చిటికెడు పంచదార వేయడం ఫరవాలేదు, కెచప్ మాత్రం క్షమించరానిది.

ఆల్యో ఎ ఓల్యో: ఆలివ్ నూనె, వెల్లుల్లి, మిరప, స్పగెట్టి. మెనూల్లో "అగ్లియో ఒలియో" అని ఉంటుంది. ఇందులో దాచుకోవడానికి సాస్ లేదు. అందుకే వంటగదిని తూచడానికి ఇంతకంటే మంచి ప్లేటు లేదు. వెల్లుల్లి లేత బంగారు రంగులో ఉండాలి. గోధుమరంగు దాటితే చేదు నూనె అంతటా పాకుతుంది, ఏం కలిపినా పోదు. అడుగున నూనె మడుగు కట్టి పాస్తా పొడిగా ఉంటే, పాస్తా ఉడికిన నీళ్ళు రెండు గరిటెలు పోసి కలపలేదని అర్థం. ఆ నీళ్ళలోని పిండే నూనెను పాస్తాకు పట్టిస్తుంది. వెనక్కి పంపి అదే చెయ్యమనండి, ఒక్క నిమిషం పని.

వైట్ సాస్: వెన్న, మైదా, పాలు. వేడిగా ఉన్నప్పుడు జారుగా ఉంటుంది, చల్లారుతుంటే గట్టిపడుతుంది. మైదా గుణమే అంత. వచ్చిన వెంటనే తినాలి. ఫొటోలు తీసేలోపు ముద్దకట్టిందా, రెండు స్పూన్ల వేడి పాలు తెప్పించి కలపండి. మెనూలో అల్‌ఫ్రెడో అని ఉన్నది కూడా చాలాచోట్ల ఇదే. రోమ్‌లో పుట్టిన అసలు అల్‌ఫ్రెడోలో వెన్న, పర్మిజానో చీజ్ తప్ప క్రీమ్ ఉండదు. క్రీమ్ పోయడం అమెరికాలో వచ్చిన అలవాటు.

కార్బొనారా: గుడ్డు, చీజ్, పంది మాంసం, మిరియాలు. అసలుదాంట్లో క్రీమ్ లేదు. గుడ్డు పాస్తా వేడికే చిక్కబడాలి, పొయ్యి మీద పెడితే పొరటు అయిపోతుంది. చిన్నచోట్ల క్రీమ్, చికెన్ వేసి చేసేది వేరే వంటకం. బాగుంటే తినండి.

పెస్టో: జెనోవా నగరపు పద్ధతిలో బేసిల్ ఆకు, పైన్ గింజలు, వెల్లుల్లి, రెండు రకాల చీజ్, ఆలివ్ నూనె. పైన్ గింజలు ఖరీదు కాబట్టి మన దేశంలో జీడిపప్పు వాడేస్తారు. పలాస జీడిపప్పు జిల్లా పక్కనే ఉండగా అందులో లోటేమీ లేదు. పెస్టోను మంట మీద వేయిస్తే నల్లబడి గడ్డి వాసన వస్తుంది. పచ్చగా కనిపిస్తేనే సరిగా చేసినట్టు.

రిసొట్టో పాస్తా కాదు, బియ్యం వంటకం. 18, 20 నిమిషాలు ఒకరు పొయ్యి దగ్గరే నిలబడి కలుపుతూ ఉండాలి. ఆదివారం రాత్రి 8.30కి అది చెప్పడం ఆ వంటవాడికీ మీకూ మంచిది కాదు.

6. పిజ్జా

ముందు సైజు లెక్క, ఎందుకంటే డబ్బులు పోయేది ఇక్కడే. పిజ్జా వైశాల్యం అంగుళాల వర్గం మీద పెరుగుతుంది. 7 అంగుళాలదానికి 49 వంతులైతే 10 అంగుళాలదానికి 100. అంటే రెండు 7 అంగుళాల పిజ్జాలూ కలిపితే ఒక 10 అంగుళాలదానికి దాదాపు సమానం. 8 కంటే 12 అంగుళాలది రెండుంపావు రెట్లు పెద్దది. ధరలు ఈ లెక్కతో పోల్చి చూసుకోండి. చాలా మెనూల్లో పెద్దదే చవక.

నాపోలి పద్ధతి పిజ్జా కట్టెల ఓవెన్‌లో 485 డిగ్రీల దగ్గర 60 నుంచి 90 సెకన్లలో కాలుతుంది. ఆ పిజ్జా చేసే కళను యునెస్కో 2017లో తన వారసత్వ జాబితాలో చేర్చింది కూడా. మన ఊరి కరెంటు ఓవెన్ సాధారణంగా 250, 300 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది, పిజ్జాకు 6 నుంచి 10 నిమిషాలు పడుతుంది. అంతసేపు లోపల ఉంటే పిండిలో తేమ ఎండి అంచు కరకరలాడుతుంది. అంచు మెత్తగా, నల్లమచ్చలతో రావడం ఆ ఓవెన్‌లో కుదరదు, ఆశించొద్దు. కరకరలాడే పల్చటి పిజ్జా అడగండి, అది బాగా చేస్తారు.

పైన వేసేవి మూడు రకాలకు మించకూడదు. ఉల్లి, క్యాప్సికమ్, టమాటా ముక్కలు, పుట్టగొడుగులు అన్నీ నీరు వదిలేవే. ఐదారు వేయిస్తే మధ్యభాగం తడిసి ముద్దవుతుంది. ఎక్స్‌ట్రా చీజ్ వేయిస్తే చీజ్ కరిగినా కింద పిండి పచ్చిగానే ఉంటుంది, పైన నూనె తేలుతుంది. పిజ్జా రాగానే ఒక ముక్క ఎత్తి అడుగు చూడండి. గోధుమరంగు మచ్చలుండాలి. తెల్లగా ఉంటే, కొరక్కముందే "ఇంకో రెండు నిమిషాలు కాల్చండి" అని పంపించేయండి. కొరికాక పంపడం వాళ్ళకూ ఇబ్బందే.

ఏప్రిల్, మే నెలల్లో ఒక సంగతి గమనించాలి. మన తీరపు ఉక్కలో పిండి ఫ్రిజ్ బయట ఉంటే గంటల్లోనే అతిగా పులిసిపోతుంది. అంచు పొంగదు, పుల్లటి వాసన వేస్తుంది, చప్పిడిగా పాలిపోయి ఉంటుంది. కరెంటు కోతలు ఎక్కువున్న రోజుల్లో ఇది మరీ. అలాంటప్పుడు మరో పిజ్జా చెప్పొద్దు, అన్నీ అదే పిండివి.

చల్లారాక చీజ్ రబ్బరులా సాగితే కల్తీ అని గొడవ పడకండి. మొజరెల్లా చల్లబడితే ఎంత మంచిదైనా అంతే.

7. శాకాహారం, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి

మెనూలో పచ్చచుక్క ఉన్నంత మాత్రాన మీ ఇంటి పట్టింపుకు సరిపోతుందని కాదు. ఇటలీ నుంచి వచ్చే పర్మిజానో చీజ్‌ను దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో, అంటే పాలను విరిచే పదార్థంతో చేస్తారు. మన దేశంలో చేసే చీజులు చాలావరకు సూక్ష్మజీవుల రెన్నెట్‌తో చేసినవి, వాటి ప్యాకెట్ మీద పచ్చచుక్క ఉంటుంది. ప్యాకెట్ చూపించమని అడగొచ్చు. పన్నా కోట్టా అనే క్రీమ్ తీపిని నిలబెట్టేది జెలటిన్, అది జంతువుల నుంచి వచ్చేది. కొందరు దాని బదులు సముద్రపు నాచుతో చేసే చైనా గ్రాస్ వాడతారు. కాఫీలో ముంచిన కేకుతో చేసే తిరమిసులో గుడ్డు ఉంటుంది, కొన్నిచోట్ల మద్యం చుక్కలు కూడా. సీజర్ సలాడ్ సాస్‌లోనూ, పుత్తనెస్కా పాస్తాలోనూ ఆంకోవీ అనే చిన్న చేప ఉంటుంది. మినెస్ట్రోనె కూరగాయల సూపే గాని చికెన్ నీళ్ళతో చేసేవాళ్ళున్నారు. ఎండు పాస్తాలో మామూలుగా గుడ్డుండదు. రెస్టారెంట్‌లోనే చేసే తాజా పాస్తాలో, ఫెటుచినే, లసాన్య రేకుల్లో తరచుగా ఉంటుంది. మరినారా పిజ్జాలో చేపా లేదు, చీజూ లేదు. టమాటా, వెల్లుల్లి, ఒరిగానో, నూనె అంతే. పేరు చూసి భయపడొద్దు.

కార్తీకమాసంలో ఉల్లీ వెల్లుల్లీ లేకుండా తినేవాళ్ళకు రెడ్ సాస్ కుదరదు. అది పొద్దున్నే వెల్లుల్లితో చేసి పెట్టినది, మీకోసం తీసేయలేరు. వెన్న, మైదా, పాలు మాత్రమే పడిన వైట్ సాస్‌ను అప్పటికప్పుడు చేయించుకోవచ్చు, లేదా వెన్నా మిరియాలూ చీజుతో పాస్తా. "వెల్లుల్లి వేయొద్దు" అంటే అలవాటుకొద్దీ పాన్‌లో వేసేస్తారు. "వెల్లుల్లి తినం, పాన్ కడిగి చెయ్యండి" అంటేనే గుర్తుంటుంది. పిజ్జా ఓవెన్ ట్రే, కోసే చక్రం మాంసాహారానికీ శాకాహారానికీ చాలాచోట్ల ఒక్కటే. దాన్ని పట్టించుకునే ఇంటి పెద్దలుంటే పిజ్జా మానేసి పాస్తా చెప్పడమే నయం.

8. తినడం

పిజ్జా చేత్తో తినండి. ఇటలీలో కోయకుండా తెచ్చిపెడతారు, కత్తీ ఫోర్కుతో మొదలుపెట్టి చివరికి చాలామంది చేత్తోనే ముగిస్తారు. స్పగెట్టికి చెంచా అక్కర్లేదు. నాలుగైదు పోగులే ఫోర్కుకు పట్టించి, ప్లేటు అంచుకు ఆనించి తిప్పండి. ఎక్కువ పట్టిస్తే ఉండ నోట్లో పట్టదు, చొక్కా మీద పడుతుంది. పిల్లలకు స్పగెట్టి చెప్పకుండా పెన్నేనో, మెలికలు తిరిగిన ఫుసిల్లీయో చెప్తే సరి. చేపా రొయ్యా పడిన పాస్తా మీద చీజ్ తురుము ఇటలీలో చాలామంది వేసుకోరు, చేప రుచి మునిగిపోతుందని.

చిల్లీ ఫ్లేక్స్ పొట్లం చింపేముందు ఒక్క ముద్ద తినండి.

9. బాగోలేకపోతే

రెండు ముద్దల్లోపే చెప్పాలి. సగం తిన్నాక చెప్తే ఎవరూ ఏమీ చేయలేరు. "బాగోలేదు" అంటే కుర్రాడికి ఏం చేయాలో తెలీదు. "పాస్తా మెత్తబడిపోయింది", "వెల్లుల్లి మాడింది", "అడుగు కాలలేదు" అని విషయం చెప్తే లోపల సరిదిద్దుతారు. సరిదిద్దగలిగినవి: ఉప్పు, కారం, సాస్ చిక్కదనం, కాలని పిజ్జా. సరిదిద్దలేనివి: మెత్తబడిన పాస్తా, మాడిన వెల్లుల్లి, పులిసిన పిండి. వీటికి మార్చి ఇమ్మనాలి. పక్కబల్లలకు వినపడేలా అరవక్కర్లేదు. చిన్న ఊళ్ళో చిన్న హోటల్, రేపు మళ్ళీ మొహాలు చూసుకోవాలి.

10. తీపీ కాఫీ

తిరమిసు రెండు ప్లేట్లు నలుగురికి చాలు. మధ్యలో గట్టిగా, తెల్లగా కేక్ తగిలితే కాఫీలో సరిగా ముంచలేదని. అడుగున నీళ్ళు కారితే మస్కార్‌పోనే చీజ్ బదులు విప్పింగ్ క్రీమ్ వేశారేమో చూడండి. తిరమిసులో కాఫీ ఉంటుంది కాబట్టి పిల్లలకు రాత్రిపూట జెలాటో, అంటే ఇటలీ ఐస్‌క్రీమ్ చెప్పడం మంచిది.

ఎస్ప్రెస్సో అంటే 25, 30 మిల్లీలీటర్లే. "ఇంతేనా?" అని కుర్రాడితో వాదించేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పెద్ద కప్పు కావాలంటే అమెరికానో చెప్పండి. అరకు కాఫీ గింజలు వాడుతున్నారంటే పాలు లేకుండా ఒకసారి తాగి చూడొచ్చు.

11. బిల్లు

వంటకాల లెక్క చూశాక పన్ను చూడండి. విడిగా నడిచే రెస్టారెంట్‌లో ఏసీ ఉన్నా లేకపోయినా జీఎస్టీ 5 శాతం. అందులో కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర. 1,200 రూపాయలు తింటే 30, 30 కలిపి 60, మొత్తం 1,260. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరైన జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది. నంబరు లేని బిల్లులో పన్ను వేస్తే అడగండి. చిన్న వ్యాపారాలు కొన్ని కాంపొజిషన్ పథకంలో, అంటే అమ్మకాల మీద పన్ను తామే కట్టుకునే పద్ధతిలో ఉంటాయి. వాళ్ళు మీ దగ్గర విడిగా పన్ను వసూలు చేయకూడదు, ఆ సంగతి బిల్లు మీద రాసి ఉండాలి. 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు కూడా బిల్లు మీద ఉండాలన్న నిబంధన 2022 జనవరి నుంచి ఉంది.

సర్వీస్ ఛార్జ్ అనేది పన్ను కాదు. వినియోగదారుల రక్షణ కేంద్ర సంస్థ 2022 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని అడక్కుండా బిల్లులో కలపకూడదు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది. కనిపిస్తే తీసేయమనండి. తీయనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. టిప్ ఇవ్వాలనుకుంటే ఫోన్‌పేలో బిల్లుతో కలిపి కొట్టకండి, అది యజమాని ఖాతాలోకి వెళ్తుంది. నోటు కుర్రాడి చేతికివ్వండి. వీలైతే వంటగదికి ఒకటి విడిగా.

12. మిగిలింది పార్సిల్ కట్టిస్తే

పిజ్జా పెట్టె మూత ఒక పక్క కాస్త తెరిచి తీసుకెళ్ళండి. ఆవిరి లోపలే ఉంటే దారిలోనే అట్ట మెత్తబడుతుంది. బండి మీద నిలువుగా పట్టుకుంటే చీజ్ అంతా ఒక మూలకు చేరుతుంది. ఇంటికి చేరగానే ఫ్రిజ్‌లో పెట్టండి. మన వాతావరణంలో రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు, మర్నాటికి తినేయాలి.

పిజ్జాను దోసె పెనం మీద సన్న మంటన వేసి, పక్కన నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి మూత పెట్టండి. మూడు, నాలుగు నిమిషాల్లో అడుగు కరకరలాడుతుంది, పైన చీజ్ కరుగుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే తోలు అవుతుంది. వైట్ సాస్ పాస్తాకు పావు కప్పు పాలు పోసి సన్న మంటన కలుపుతూ ఉండాలి. టమాటా పాస్తాకు రెండు స్పూన్ల నీళ్ళు చాలు, అది మర్నాడు ఇంకా బాగుంటుంది. లసాన్య కూడా అంతే. పార్సిల్‌కే కొనాలనుకుంటే ఈ రెండే కొనండి. ఆల్యో ఎ ఓల్యో, కార్బొనారా, రిసొట్టో మాత్రం డబ్బాలో పెట్టించొద్దు. మొదటిది ఎండిపోతుంది, రెండోదాంట్లో గుడ్డు గడ్డకడుతుంది, మూడోది కోటజంక్షన్ దాటకముందే ముద్దయిపోతుంది.